మా గోడ మీద వాళ్ళ ప్లాట్ల బోర్డు, పీకేస్తే కేసు పెడతారా? అనంతపురం అక్కకి జవాబు

అనంతపురంలో ఉండే ఒక అక్క శానా పెద్ద లెటర్ పంపినారు, పేరు వేయద్దన్నారు కాబట్టి వేయట్లేదు. విషయం ఇది. భర్తకి బెంగళూరులో పని, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారుజామున బస్సెక్కుతారు, ఇంట్లో అత్తమ్మ, ఈమె, డిగ్రీ అయిపోయిన కూతురు. మూడు నెలల కిందట ఒక పొద్దున గేటు తీస్తే, గ్రిల్‌కి బైండింగ్ వైరుతో కట్టేసిన ఇనుప ఫ్రేము ఫ్లెక్సీ కనబడింది, "ప్లాట్లు అమ్మబడును, స్పాట్ రిజిస్ట్రేషన్, బ్యాంక్ లోన్ సౌకర్యం కలదు" అని, కింద రెండు ఫోన్ నంబర్లు. తర్వాత కొన్నాళ్ళకి కాంపౌండ్ గోడ మీద నీలం రంగుతో అదే వెంచర్ పేరు రాసిపోయినారు. ఆ తర్వాత గేటు ముందర వేపచెట్టుకి మేకులు కొట్టి ఇంగో రేకు బోర్డు. ఫోన్ చేస్తే ఆ అబ్బాయి "ఏమైతాది లేక్కా, రెండు నెల్లు ఉండనీ, కావాలంటే రెండు వేలు ఇస్తాం" అన్నాడంట. బోర్డు మీద ఒక లోకల్ లీడర్ ఫోటో ఉండాది, అందుకని మరిది "గమ్మునుండు వదినా, వాళ్ళతో మనకెందుకు" అంటున్నాడంట. ఈలోగా కూతురికి సంబంధం చూడను ధర్మవరం నుంచి వచ్చినోళ్ళు గేటు కాడ బోర్డు చూసి, ఇల్లు అమ్మకానికి పెట్టినారా, అప్పులేమన్నా ఉండాయా అని మధ్యవర్తిని అడిగినారంట. లెటర్ చివర రెండు లైన్లలో, 2006లో రాప్తాడు వైపు కొన్న 5 సెంట్ల సైటులో కూడా "ఈ సైటు అమ్మబడును" అని చిన్న బోర్డు ఉండాదని, ఆడ ఫోన్ నంబర్ వేరే అని రాసినారు. అడిగిన వాటిలో ముఖ్యమైన ప్రశ్నలు మూడు: బోర్డు పీకేస్తే కేసు పెడతారా, పోలీసులు పట్టించుకుంటారా, ఆ రెండు వేలు తీసుకుంటే తప్పా.

అక్కా, మీరు పేజీలకి పేజీలు గోడ గురించి రాసి సైటు గురించి రెండు లైన్లతో సరిపెట్టినారు, నేను మాత్రం జవాబు సైటు నుంచే మొదలు పెడతా. గోడ మీద ఉన్న బోర్డు వాళ్ళ వెంచర్‌ని అమ్ముకుంటా ఉండాది. సైటులో ఉన్న బోర్డు మీ ఆస్తినే అమ్ముతా ఉండాది. మొదటిది దౌర్జన్యం, చిరాకు, పరువు సంగతి, దాన్ని ఒక వారంలో తేల్చుకోవచ్చు. రెండోదాన్ని వదిలేస్తే మీ పిల్ల పెళ్ళికి అక్కరకొస్తాదని దాచుకున్న సైటు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వస్తాది.

మన పక్క సైట్లలో ఇట్లాంటి బోర్డులు ఎట్ల వస్తాయంటే, ఒక్కోసారి నిజంగానే పొరపాటు. పాత లేఅవుట్లలో హద్దురాళ్ళు పోయుంటాయి, రోడ్లు ముళ్ళకంపతో మూసుకపోయుంటాయి, ఇరవైమూడో నంబర్ ప్లాటు అనుకుని బ్రోకరు ఇరవైఅయిదో నంబర్‌లో బోర్డు నాటిపోతాడు. ఇంగొన్నిసార్లు బ్రోకరే కావాలని నాటుతాడు, ఓనరు ఎవరో కూడా తెలియదు, ముందు కొనేవాళ్ళ ఫోన్లు రానీ, పార్టీ దొరికినాక ఓనర్ని వెతుక్కుందాం అని. ఇవి రెండూ ఒక ఫోన్‌తో పోయేవి. మూడో రకం ఉంది చూడండి, దాంతోనే భయం. అప్పట్లో రైతు దగ్గర ఎకరాల లెక్కన తీసుకుని సెంట్ల లెక్కన అమ్మేసిన లేఅవుట్లలో, కొన్నవాళ్ళందరికీ రిజిస్టర్ డాక్యుమెంట్లు ఉంటాయి గానీ రెవెన్యూ రికార్డులో, అంటే అడంగల్‌లో, 1బీలో, ఆ పాత రైతు పేరే నడుస్తా ఉంటాది. ఆయన పోయినాక పిల్లోళ్ళు రికార్డు చూసి భూమి మాదే అనుకుంటారు, లేదా మాదే అని ఎవరో చెప్పి వాళ్ళతో సంతకం పెట్టించుకుంటారు, మళ్ళీ అమ్మకం జరిగిపోతాది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినాక హైవే పొడుగునా రేట్లు లేచినాయి కదా, పడావు పడిన పాత సైట్ల మీద కళ్ళు పడినది అప్పటినుంచే.

అందుకని ఈ వారం మొదట చేయాల్సిన పని ఈసీ తీయడం, అంటే ఆ సైటు మీద ఏయే రిజిస్ట్రేషన్లు జరిగినాయో చూపే కాగితం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాది, చేతకాకపోతే మీసేవకో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకో పోండి. 2006 నుంచి ఈ రోజు దాకా అడగండి, మీ డాక్యుమెంట్ నంబర్ ఇచ్చి ఒకసారి, సర్వే నంబర్, ప్లాట్ నంబర్ ఇచ్చి ఇంగోసారి, రెండు రకాలుగా వెతికించండి. ఎందుకంటే మోసం చేసేవాడు మీ డాక్యుమెంట్‌ని లింకు చేయడు, ప్లాట్ నంబరే లేకుండా సర్వే నంబర్ మీద, హద్దులు మార్చి రాయిస్తాడు, అట్లాంటిది మీ డాక్యుమెంట్ నంబర్‌తో వెతికితే కనబడకపోవచ్చు. భూమి రికార్డుల ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో ఆ సర్వే నంబర్ కొట్టి అడంగల్, 1బీ ఎవరి పేరున ఉండాయో చూడండి. ఆ సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల లిస్టులో, ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి, అప్పుడు కొన్నప్పుడు లేకపోయినా తర్వాత చేరిన కేసులు ఉంటాయి. ఖాళీ స్థలం పన్ను కట్టే చోటైతే కట్టి ఆ రసీదులు ఒక కవర్‌లో పెట్టుకోండి.

సైటు బోర్డు మీద ఉన్న నంబర్‌కి మీరు చేయద్దు, మీ తమ్ముడితోనో తెలిసినోళ్ళతోనో చేయించండి, ఎవరి సైటు, ప్లాట్ నంబర్ ఎంత, సర్వే నంబర్ ఎంత, డాక్యుమెంట్ ఎవరి పేరున ఉంది అని మామూలుగా కొనేవాళ్ళు అడిగినట్ల అడగమనండి. పొరపాటు బోర్డు అయితే ఆ నాలుగు ప్రశ్నల్లోనే తేలిపోతాది. వాళ్ళు "మీ డాక్యుమెంట్ జిరాక్స్ వాట్సాప్ చేయండి, చూసి తీసేస్తాం" అంటే మాత్రం పంపద్దు అక్కా, దండం పెట్టి చెప్తున్నా. మీ పేరు, మీ సంతకం, డాక్యుమెంట్ నంబర్ అన్నీ ఉన్న కాగితం తెలియని బ్రోకరు ఫోన్‌లోకి పోకూడదు.

ఈసీ క్లీన్‌గా వస్తే, ఫోటోలు తీసుకుని ఆ బోర్డు పీకి పక్కన పెట్టి, చుట్టూ రాతి కూసాలు నాటి నాలుగు వరుసలు కంచె తీగ లాగించండి. 5 సెంట్లంటే 242 గజాలు, అంతకి కంచె వేయించడం పెద్ద ఖర్చు కాదు, గోడ కట్టించేంత డబ్బు ఇప్పుడు లేకపోయినా కంచె మాత్రం ఆపద్దు. మీ బోర్డు మీరు పెట్టండి, రేకు మీద పెయింట్ చాలు: "ఈ స్థలం అమ్మకానికి లేదు. ఎవరైనా అమ్ముతామని చెప్తే నమ్మి అడ్వాన్సు ఇవ్వవద్దు", కింద సర్వే నంబర్, ప్లాట్ నంబర్, మీ ఆయన ఫోన్ నంబర్. డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం బోర్డు మీద వేయించద్దు, శానామంది గొప్పగా వేస్తారు గానీ అది దొంగోడికి దారి చూపడమే. నెలకోసారి ఎవరో ఒకరు పోయి ఒక ఫోటో తీసి రావాల, ఫోన్‌లో తేదీ దానంతట అదే పడతాది.

ఈసీలో మీ తర్వాత వేరే పేరు గనక వస్తే ఆ బోర్డుని ముట్టుకోవద్దు, అది అట్లనే ఉండనీ, సాక్ష్యం. అప్పుడు పోవాల్సింది లాయర్ దగ్గరికి. వాళ్ళు సైటు జోలికి రాకుండా కోర్టు ఆపేట్టు ఇంజంక్షన్ సూట్ వేయాల, చీటింగ్, ఫోర్జరీ మీద పోలీస్ కంప్లైంట్ ఇవ్వాల. ఫీజులకి భయపడద్దు అక్కా, ఇది మన ఆడోళ్ళకి శానామందికి తెలియదు, 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా సరే ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటాది, పోయి అర్జీ ఇవ్వండి, ఫోన్‌లో అడగాలంటే 15100. అయితే సైటు మీ ఆయన పేరున ఉందా మీ పేరున ఉందా లెటర్‌లో రాయలేదు, మీ పేరున ఉంటే ఈ దారి నేరుగా మీదే.

ఇంగ ఇంటి సంగతి.

పీకేస్తే కేసు పెడతారా అన్నారు. మీ గోడ, మీ గ్రిల్, మీరు ఒప్పుకోలేదు, కాగితం రాసివ్వలేదు, ఆ బోర్డు ఆడ ఉండడానికి వాళ్ళకి ఏ హక్కూ లేదు, తీసేసే హక్కు మీకుంది. కానీ ఫ్రేము, ఫ్లెక్సీ మాత్రం వాళ్ళ వస్తువులు. చింపేసినా, విరగ్గొట్టినా, కోపంలో పాత ఇనుప సామాన్లోడికి వేసేసినా, మా సామాను నష్టం చేసినారు, దొంగిలించినారు అని మాట్లాడను వాళ్ళకి ఒక మాట దొరుకుతాది. ఆ మాట దొరకనీయద్దు. విప్పి లోపల పెట్టి, వచ్చి తీసుకపోండి అని మెసేజ్ పెట్టండి, అంతే.

విప్పేముందు ఫోటోలు బాగా తీయాల. దూరం నుంచి ఒకటి, మీ డోర్ నంబర్, గేటు, బోర్డు మొత్తం ఒకే ఫోటోలో పడేట్టు. దగ్గర నుంచి ఇంగోటి, ఫోన్ నంబర్లు చదవగలిగేట్టు. ఫ్లెక్సీ కింద మూలలో చీమంత అక్షరాలతో ప్రింట్ చేసిన షాపు పేరు, నంబర్ ఉంటాది చూడండి, అది కూడా తీయండి, రేపు ఆ వెంచరోళ్ళు "మా బోర్డు కాదు, ఎవరో వేసినారు" అంటే ఆర్డర్ ఎవరిచ్చినారో ఆ షాపతనికి తెలుసు. గోడ మీద రాత, చెట్టుకి కొట్టిన మేకులు, అన్నీ.

ఆ తర్వాత రెండు నంబర్లకీ వాట్సాప్‌లో రాతగా పెట్టండి. ఫోన్‌లో అరిస్తే గాల్లో పోతాది, పైగా "అక్క ఒప్పుకునింది" అని వాడు తర్వాత అనొచ్చు. నేనైతే ఇట్ల రాస్తా, మీరు పేర్లు మార్చుకోండి:

"మీ వెంచర్ బోర్డు, గోడ మీద రాత, చెట్టుకి కొట్టిన రేకు బోర్డు మా అనుమతి లేకుండా మా ఇంటి దగ్గర పెట్టినారు. మేము ఎవ్వరికీ పర్మిషన్ ఇవ్వలేదు, డబ్బు తీసుకోలేదు. రెండు రోజుల్లో తీసేసి గోడకి తెల్లరంగు వేయించండి. లేకపోతే మేమే తీసేసి ఫ్రేము లోపల పెడతాం, మీరు వచ్చి తీసుకుపోవచ్చు. రంగు ఖర్చు మీదే. కార్పొరేషన్‌కి, రెరాకి ఫోటోలతో సహా కంప్లైంట్ చేస్తాం."

ఫోటోలు దాని కిందే పెట్టేయండి. బ్లూ టిక్ పడితే స్క్రీన్‌షాట్. చాలామంది ఈ మెసేజ్‌కే వచ్చి తీసేస్తారు అక్కా, రెరా అంటే రియల్ ఎస్టేట్ వాళ్ళని అదుపులో పెట్టే ప్రభుత్వ సంస్థ, ఆ మాట వాళ్ళకి సూదిలా గుచ్చుకుంటాది, ఎందుకో కింద చెప్తా.

రెండు రోజులకీ రాలేదనుకోండి, మీ ఆయన ఉండే ఆదివారం, పట్టపగలు, పక్కింటోళ్ళని ఇద్దర్ని పిలిచి, మీ కూతుర్ని వీడియో తీయమని, కటింగ్ ప్లేయర్‌తో బైండింగ్ వైరు కత్తిరించి ఫ్రేము దించండి. లీడర్ ఫోటో ఉంది కదా, ఆ ఫ్లెక్సీని చింపకుండా, ముఖం మీద గీతలు పడకుండా, లోపలికి మడిచి పెట్టండి. ఇది భయపడి చెప్తున్నది కాదు, ఎవడో ఒకడు రోడ్డు మీద వీడియో తీసి, ఫలానా వాళ్ళు మా నాయకుడి ఫోటో చింపినారు అని తిప్పితే, మీ గోడ గొడవ కాస్తా పార్టీ గొడవ అయిపోతాది, అప్పుడు అసలు తప్పు చేసినవాడు నవ్వుకుంటా పక్కకి పోతాడు. నిజానికి ఆ లీడర్‌కి తన ఫోటో మీ గ్రిల్‌కి వేలాడుతా ఉండాదని తెలిసే అవకాశమే తక్కువ, వెంచరోళ్ళు ఎవరూ ముట్టుకోకుండా ఉండాలని ఫోటో వేసుకుంటారు. మీ మరిదికి ఆ పక్క పరిచయాలుంటే గమ్మునుండమని చెప్పడానికి బదులు, ఆ ఆఫీసుకి పోయి "మీ ఫోటో పెట్టి ఆడోళ్ళున్న ఇంటి గోడలు పాడు చేస్తున్నారు" అని మర్యాదగా ఒక మాట చెప్పి రమ్మనండి. శానాసార్లు ఆడ్నుంచి ఒక్క ఫోన్ పోతే మధ్యాహ్నానికి బోర్డు ఉండదు.

బోర్డు కట్టే పిల్లోళ్ళు ఎప్పుడన్నా దొరికితే వాళ్ళని తిట్టద్దు, కొట్టే దాకా అసలే పోనీయద్దు. తెల్లారుజామున ఆటోలో నిచ్చెన వేసుకుని తిరిగే కూలి పిల్లోళ్ళు వాళ్ళు, బోర్డుకి ఇంత అని తీసుకుంటారు. ఎవరిచ్చినారప్పా పని అని అడిగితే పేరు, నంబర్ చెప్పేస్తారు, మనకి కావాల్సింది అదే.

గోడ మీద నీలం రంగుకి ఊరికే సున్నం కొట్టించద్దు, ఎండకి ఆరినాక కింద నీలం మళ్ళీ తేలుతాది. ముందు వైట్ ప్రైమర్ ఒక కోటు, దాని మీద రంగు. పెయింటర్‌తో బిల్లు రాయించుకోండి. వేపచెట్టు మేకులు సుత్తి వెనక భాగంతో వచ్చినవి తీసేయండి, లోపలికి దిగి బెరడు మూసుకున్నవి గెలికితే చెట్టుకే దెబ్బ, వాటిని వదిలేయండి.

తీసేయడం వాయిదా వేయద్దని అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మన అనంతపురం ఆషాఢం గాలి సంగతి మీకు తెలుసు. గాలిమరలు పెట్టుకునేంత గాలి ఉన్న జిల్లా మనది. బైండింగ్ వైరు రెండు చోట్ల కట్టిన ఇనుప ఫ్రేము ఆ గాలికి ఎన్నాళ్ళు నిలబడతాది? రాత్రి పూట ఊడి దారిన పోయే స్కూటరాయన మీద పడితే, జనం వచ్చి గేటు కొట్టేది మీదే, వెంచరోడిది కాదు. అత్తమ్మ పొద్దున్నే ముగ్గేసేది ఆ ఫ్రేము కిందే కదా.

రెండు వేలు మాత్రం తీసుకోవద్దు అక్కా. తీసుకున్న నిమిషం నుంచి మీరు ఒప్పుకున్నట్ల లెక్క, రెండు నెలలు అన్నది రెండేళ్ళు అయినా అడగలేరు, రేపు ఆ వెంచర్‌లో ఎవరన్నా మోసపోతే "మీ గోడ మీద చూసే కొన్నాం" అని వచ్చి మీ గేటు ముందర నిలబడతారు. డబ్బు అవసరమై గోడని అడ్వర్టైజ్‌మెంట్‌కి ఇచ్చేవాళ్ళు ఉంటారు, అది వాళ్ళ ఇష్టం, అట్ల ఇచ్చేవాళ్ళు కూడా కాగితం రాసుకుని, ఎన్నాళ్ళు, ఎంత సైజు, అందులో ఏం రాస్తారు అని చూసుకుని, కార్పొరేషన్ పర్మిషన్ సంగతి తేల్చుకుని ఇవ్వాల. మీ విషయంలో ఆ రెండు వేలు అద్దె కాదు, నోరు మూయించే డబ్బు. ఇప్పటికే మీ చేతికి ఇవ్వకుండా ఇంట్లో ఎవరికన్నా ఇచ్చిపోయినారేమో, అంటే అత్తమ్మకో, పై పోర్షన్‌లో బాడుగకి ఉంటే వాళ్ళకో, ఒకసారి అడగండి. బాడుగకున్నోళ్ళు సరే అన్నా అది ఓనర్ ఒప్పుకున్నట్ల కాదు, కానీ ఇచ్చి ఉంటే ఆ డబ్బు ఫోన్‌పేలో తిరిగి పంపించి, స్క్రీన్‌షాట్ పెట్టుకోవాల.

పోలీసులు పట్టించుకుంటారా అంటే, నిజం చెప్తా, బోర్డు ఒక్కదానికే పోతే స్టేషన్‌లో "మీరే తీసేసుకోండమ్మా" అంటారు, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. చట్టం లేక కాదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 329 సెక్షన్ అక్రమంగా చొరబడడం గురించి, 324 ఆస్తికి నష్టం చేయడం గురించి చెప్తాయి, అయితే చొరబాటు అంటే బెదిరించను, అవమానించను, ఇబ్బంది పెట్టను, లేదా ఇంగో నేరం చేయను లోపలికి వచ్చినారని చూపాల. అందుకే ముందు మెసేజ్ పెట్టమన్నది. వద్దని రాతలో చెప్పినాక కూడా మళ్ళీ గోడ దూకి కడితే, లేదా ఫోన్ చేసి బెదిరిస్తే, అప్పుడు ఆ స్క్రీన్‌షాట్లతో పోండి, అప్పుడు మీ మాటకి బలం వస్తాది. బెదిరింపు మీరు ఇంట్లో ఉండగానే జరిగితే 112కి ఫోన్ చేయండి. స్టేషన్‌లో తీసుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు.

గోడ విషయంలో పోలీసుల కంటే ముందు కార్పొరేషన్. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉంటారు, ముందు ఆయన దగ్గర, ఆ కాపీతోనే టౌన్ ప్లానింగ్‌లో అర్జీ ఇవ్వండి. బహిరంగంగా కనబడే చోట్లని పోస్టర్లతో, రాతలతో పాడు చేయకూడదని ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం తెచ్చినారు, అర్జీలో ఆ మాట రాయండి. మీ ఒక్కరి పేరుతో కాకుండా వీధిలో ఇంగో నాలుగిళ్ళ వాళ్ళతో సంతకాలు పెట్టించండి, ఆ వెంచరోళ్ళు మీ ఒక్క గోడకే రాసి వదిలేసి ఉండరు, ఆ లైనంతా రాసుంటారు, అందరూ లోపల తిట్టుకుంటా బయటికి గమ్మునుంటారు. ఇచ్చిన అర్జీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా రావద్దు. కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి ఒకే ప్రశ్న అడగండి: ఫలానా వీధిలో ఫలానా వెంచర్ బోర్డులకి కార్పొరేషన్ పర్మిషన్ ఇచ్చిందా, ఇస్తే కాపీ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు చెప్పాల. ఆ ప్రశ్న పోయినాక బోర్డులు దిగిపోవడం మామూలే. కరెంటు స్తంభానికి, కాలువ గట్టు మీద ఉన్నవి మాత్రం మీరు ముట్టుకోవద్దు, స్తంభం అయితే లైన్‌మన్‌కి చెప్పండి, కాలువ గట్టు కార్పొరేషన్ వాళ్ళ పని.

రెరా సంగతి చెప్తానన్నా కదా. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మాలంటే ముందు రిజిస్టర్ చేయించాల, చేయించకుండా అడ్వర్టైజ్‌మెంట్ కూడా ఇవ్వకూడదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో పన్నెండున్నర సెంట్లు కూడా లేదు, అంటే ఏ వెంచరైనా అందులోకి వచ్చేసినట్టే. వేసే ప్రతి ప్రకటనలో రెరా నంబర్, రెరా వెబ్‌సైట్ అడ్రస్ కనబడేట్టు ఉండాల. గోడ రాత, ఫ్లెక్సీ కూడా ప్రకటన కిందికే వస్తాయి. రిజిస్టర్ చేయించకుండా అమ్మితే ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా వేయొచ్చు. ఇప్పుడు మీ ఫోటో పెద్దది చేసి చూడండి, నంబర్ ఉందా? "అహుడా అప్రూవ్డ్" అని ఉందా, లేకపోతే "అహుడా ప్రపోజ్డ్" అని ఉందా? అహుడా అంటే లేఅవుట్లకి అనుమతి ఇచ్చే మన అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ. ప్రపోజ్డ్ అంటే ఇంకా అప్రూవల్ రాలేదనే అర్థం, అక్షరాలు ఒకే సైజులో వేసి జనాన్ని మభ్యపెడతారు. నంబర్ ఉంటే ఏపీ రెరా వెబ్‌సైట్‌లో కొట్టి, అదే వెంచరా కాదా చూడండి. లేకపోతే ఆ ఫోటోతో సహా ఏపీ రెరాకి కంప్లైంట్ పంపండి. ఇది మీ గోడ కోసమే కాదక్కా, ఆ నంబర్లు చూసి ఫోన్ చేసి, బంగారం కుదువ పెట్టి అడ్వాన్స్ కట్టే మన పల్లెటూరి వాళ్ళు ఎందరో ఉంటారు, వాళ్ళకీ మీరు మేలు చేసినట్ల అయితాది.

ధర్మవరం సంబంధం గురించి మీరు రాసిన లైను చదివి మనసు కలుక్కుమనింది. ఇరవై ఏండ్లు కడుపు కట్టుకుని కట్టిన ఇంటి ముందర ఎవడో "అమ్మబడును" అని వేలాడదీసిపోతే, చూసినోళ్ళు అప్పులనే అనుకుంటారు, మన ఊర్లలో ఇల్లు అమ్మడమంటే దానికి వేరే అర్థం లేదు కాబట్టి. ఆ వచ్చినోళ్ళ మీద కోపం పెట్టుకోవద్దు, పిల్లనిచ్చి పుచ్చుకునేకాడ అడగడం మామూలే, మొహం మీద అడగకుండా మధ్యవర్తిని అడిగినారంటే మర్యాద తెలిసినోళ్ళే. మధ్యవర్తి ద్వారా కాకుండా మీ ఆయననే నేరుగా అబ్బాయి వాళ్ళ నాయనకి ఫోన్ చేయమనండి. "అన్నా, మీరు చూసిన బోర్డు మాది కాదు, ఎవరో ప్లాట్లోళ్ళు మాకు చెప్పకుండా కట్టినారు, ఇల్లు అమ్మేది లేదు, అప్పులు లేవు, మళ్ళీ ఒకసారి రండి" అంటే సరిపాయ. సంజాయిషీ లాగా కాదు, ఉన్నది ఉన్నట్ల. ఆయన చెప్పాల, మీరు కాదు, ఇన్నాళ్ళూ ఇదంతా మీ ఒక్కరి నెత్తిన పడింది, ఈ ఒక్క ఫోన్ ఆయన చేయాల్సిందే. బోర్డు దించినాక చేస్తే ఇంకా మంచిది, మళ్ళీ వచ్చినప్పుడు గేటు కాడ ఏమీ ఉండదు.

గోడకి "పోస్టర్లు అంటించరాదు" అని రాయించాలా అని కూడా అడిగినారు. రాయించండి, దాంతో ఆగుతారని కాదు, రేపు మళ్ళీ వేస్తే తెలిసే వేసినారని చూపను పనికొస్తాది. ఆగాలంటే గేటు పైన ఒక లైటు రాత్రంతా వెలగాల, కుదిరితే మీ గోడ, గేటు మాత్రమే పడేట్టు ఒక కెమెరా. గోడ పొడుగునా కాగితపు పూల చెట్లు నాటితే ఏడాదికల్లా రంగు కొట్టను చోటే ఉండదు, నీళ్ళు తక్కువైనా మన ఎండకి బతుకుతాది.

ఈసీ వచ్చినాక నాకు మళ్ళీ రాయండి. కానీ అందులో వేరే వాళ్ళ పేరు కనబడితే నా జవాబు కోసం చూస్తా కూర్చోవద్దు, ఆ కాగితం, మీ ఒరిజినల్ డాక్యుమెంట్ పట్టుకుని మీ ఆయన్ని ఒక రోజు లీవు పెట్టించి ఆ సోమవారమే కోర్టు దగ్గర న్యాయసేవ ఆఫీసుకి పోండి.